ఝూటా బస్ చెప్పని సిస్టరు

మొన్న నా మోచేతి మీద కురుపు పగిలి చీము పట్టింది. పసుపు పెట్టాను, వేపాకు నూరి కట్టాను, తగ్గలేదు. ఇక తప్పక పెద్దాసుపత్రికి వెళ్ళి డ్రెస్సింగ్ గదిలో బెంచీ మీద కూర్చున్నాను. పక్కన నా కూతురు పైడి, గోడవైపు తిరిగి కూర్చుంది. నాకంటే ముందు ఒక ముసలాయన కాలు చాపుకుని ఉన్నాడు. కొత్తగా పని నేర్చుకుంటున్న నర్సు పిల్ల ఆయన పుండులోంచి గుడ్డ లాగుతోంది. ఆయన మూలుగుతుంటే, "బస్ బస్ బాబా, హో గయా" అంది. చాలు తాతా, అయిపోయింది అని. అయిపోలేదు. గుడ్డ సగం ఇంకా లోపలే ఉంది.

అవతల బల్ల దగ్గర దూది చుడుతున్న పెద్ద నర్సు తల ఎత్తకుండానే కసిరింది. "ఈ గదిలో ఝూటా బస్ చెప్పకూడదు." అబద్ధపు బస్ అని.

పిల్ల తెల్లబోయింది. "ఎందుకు దీదీ?"

"ఎందుకో నాకూ తెలీదు. నేను ఈ గదికి వచ్చేసరికే ఉంది ఆ రూలు. అయ్యాకే బస్. అవకపోతే నోరు మూసుకో."

ఎందుకో నాకు తెలుసు. ఆ రూలు పెట్టిన మనిషి ఎలా ఉందని అడిగాను. "ఆవిడా? రిటైరై ఊరికి పోయింది కదా. ఈ వానల్లో కాలం చేసింది" అంది. ఆ తర్వాత ఆ గదిలో ఇంకో ముచ్చట జరిగింది. అది చివర చెప్తాను. ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి. నేను చెప్తుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. నాకు అక్షరాలు రావు. ఆ మనిషి మాత్రం నాకు బాగా తెలుసు.

పేరు నాకు తెలీదు. అందరికీ బడీ సిస్టర్, ఈ హిందీ ఊళ్ళో బతికే మా తెలుగువాళ్ళకి పెద్ద సిస్టరమ్మ. ఖూంటీ వైపు అడవి పల్లెల మనిషి, ఆదివాసీ కిరస్తానీ. పొట్టిగా, నల్లగా, మూటలు మోసినవాళ్ళకుండే మెడతో ఉండేది. తలకి కానుగ నూనె రాసుకునేది. ఆ వాసన ఆవిడకంటే ముందు గదిలోకి వచ్చేది. మగవాళ్ళ చేతిగడియారం పట్టీ తీసేసి జాకెట్టుకి పిన్నుతో గుచ్చుకునేది. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి మురీ తినేది, మన మరమరాలు. నంజుకోవడానికి పచ్చిమిరపకాయ. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా కొరుకుతూనే ఉండేది. ఎందుకంత కారం అని అడిగాను ఒకసారి. "ఈ ఉద్యోగంలో రోజుకొకసారి ఏడుపొస్తుంది, పైరీ కీ మా. మిరపకాయ మీదికి తోసెయ్యొచ్చు" అంది. పైడిని ఆవిడ పైరీ అనేది, నన్ను పైరీ అమ్మ అని.

పెద్దవాళ్ళంటే గౌరవం లేదు. మూలిగే మగాళ్ళని కసిరేది. పిల్లని ఎత్తుకుని నలుగురైదుగురు చుట్టాలు లోపలికి తోసుకొస్తే, "పెళ్ళికొచ్చారా? భోజనాలు అవతల" అని చెయ్యి చూపించేది. ఆవిడ దగ్గర తియ్యటి మాట విన్నవాళ్ళు లేరు. నేను మొదట ఆవిడని చూసి, ఈవిడ చేతుల్లో పడితే నా పిల్ల బతకదనుకున్నాను.

నా పిల్ల సంగతి చెప్పాలి. పైడికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. పిలిస్తే చూసేది కాదు. ముట్టుకుంటే నిప్పు పడ్డట్టు ఎగిరేది. బాగ్‌బేరాలో మా ఇల్లు రైలు యార్డు పక్కనే. రాత్రీ పగలూ వ్యాగన్లు గుద్దుకుంటుంటే దానికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. గిన్నె మీద గరిటె పడితే మాత్రం చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకునేది. మనం అన్న మాటే తిరిగి అనేది. ఏ మాట ఎలా అంటే దాన్ని అలాగే పట్టుకునేది. "ఇప్పుడే వత్తాను" అని కుళాయికి వెళ్ళి అక్కడ ఆలస్యమైతే, గుమ్మంలో నిలబడి ఊగుతూ "ఇప్పుడే, ఇప్పుడే" అంటూ ఉండేది. దానిదేం జబ్బో అప్పుడెవరూ పేరు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. వీధిలోవాళ్ళు రాంచీ పంపించమనేవారు. మా దగ్గర ఆ మాటకి అర్థం పిచ్చాసుపత్రి అని.

దానికి ఇష్టమైనది ఒక్కటే, బస్సు. కిటికీ కడ్డీకి చెంప ఆనించి కూర్చునేది. ఇంజను వణుకు ఆ కడ్డీలోంచి చెంపలోకి వస్తుంటే దాని ముఖం విచ్చుకునేది. లోకంలో ఇంకెక్కడా దానికి ఆ ముఖం రాదు.

ఒక రోజు పెరట్లో పారబోసిన పొయ్యి బూడిద మీద కాలు పెట్టింది. బూడిద కింద బొగ్గులు ఆరలేదు. పిల్ల ఏడవలేదు. నొప్పి పుడితే ఏడవాలని దానికి తెలీదు, సన్నగా హూఁ అని కూనిరాగం తీస్తుంది అంతే. నేను చూసుకునేసరికి పాదం పొంగి, వేళ్ళ సందులు చీము పట్టాయి. నేనూ మా ఆయనా ఆసుపత్రికి మోసుకెళ్ళాం.

ఆ మొదటి రోజు ఏదీ మర్చిపోలేదు. హాల్లో పేర్లు పిలిచేవాడి అరుపు, ట్రేలలో కత్తెర్ల మోత, స్పిరిట్ వాసన, పైన టకటకలాడే ఫ్యాను. గదిలోకి వచ్చేసరికే పిల్ల బిగుసుకుపోయింది. మా ఆయనా, ఇద్దరు వార్డు మనుషులూ అదిమిపట్టారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడే. చిమటాతో, అదే పట్టకారుతో, చచ్చిన చర్మం లాగుతూ అందరూ అనేదే అన్నాడు. "బస్ బేటీ, బస్. బస్."

పైడి పెనుగులాట ఆపింది. ముఖం వెలిగిపోయింది. "బస్సు! బస్సు!" అంటూ లేచింది, చిమటా కాల్లో ఉండగానే. వాళ్ళు మళ్ళీ అదిమారు. బస్సు అన్నవాళ్ళే బస్సు ఎక్కనివ్వలేదు. డాక్టరు చెయ్యి కరిచేసింది. నెత్తురొచ్చింది.

ఆయన తిట్టలేదు. చేతికి దూది నొక్కుకుంటూ చెప్పాడు. "అమ్మా, ఈ కాలికి రోజూ కట్టు మార్చాలి. మార్చకపోతే వేళ్ళు పోతాయి. పైకి పాకితే కాలే తియ్యాలి. ఇలా పట్టుకుని ఎన్నాళ్ళు చెయ్యగలం?"

అప్పటిదాకా మూలన చేతులు కట్టుకుని చూస్తున్న సిస్టరు ముందుకొచ్చింది.

"పిల్ల పేరేంటి?"

"పైడి" అన్నాను.

"పైర్ కనిపిస్తూనే ఉంది. నేనడిగింది పేరు."

హిందీలో పైర్ అంటే కాలు కదా. "పేరే, పేరే పైడి. మా అమ్మవారి పేరు" అన్నాను.

"కాలు కాల్చుకున్న పిల్లకి పేరే పైరీయా! సరే. అది ఏమని అరిచింది?"

నాకు వచ్చిన హిందీలో చెప్పాను. "డాక్టర్ బాబూ బస్ బోలా. హమారా బచ్చీ మోటార్ బస్సు సమ్‌ఝా." డాక్టరు బస్ అన్నాడు, మా పిల్ల మోటారు బస్సు అనుకుంది అని.

ఆవిడ తొడ మీద చరుచుకుని నవ్వింది. ఆ గదిలో ఆవిడ నవ్వడం ఎవరూ ఎరగరట, వార్డు మనుషులు ముఖాలు చూసుకున్నారు. చటుక్కున నవ్వాపేసింది.

"అంటే, బస్సొచ్చిందని చెప్పి చిమటా పెట్టాం. నేనైనా కరుస్తాను" అంది. "బస్ అంటే అయిపోయింది అని కదా. అవకుండానే అంటాం మనం. రోజంతా అంటాం. నేనూ అంటాను."

"ఇప్పుడు మాటకి మందు రాయమంటారా సిస్టర్?" అన్నాడు డాక్టరు.

"నాకు రేపొక్కరోజు ఇవ్వండి. రేపు కాలు ముట్టను."

"ఎల్లుండి దాటితే ఆగదు ఆ కాలు."

"తెలుసు" అంది.

మర్నాడు వెనక తలుపు నుంచి రమ్మంది. హాలు లేదు, అరుపుల్లేవు. గదిలో ఫ్యాను ఆపేసి ఉంది. ట్రేలో తువ్వాలు పరిచి దాని మీద కత్తెర్లు పెట్టింది, చప్పుడు రాకుండా. కిర్రుమనే బూట్లు విప్పి ఉత్తకాళ్ళతో తిరుగుతోంది. గది మధ్యలో ఒక స్టూలు. దాని ముందు కూర్చుని, పైడి వంక చూడకుండా, స్టూలు కాలు నీళ్ళతో కడిగింది. దూదితో తుడిచింది. మందు రాసింది. కట్టు కట్టింది. కడుగుతున్నంతసేపూ "ఔర్ హై" అంటూనే ఉంది, ఇంకా ఉంది అని. ముడి వేసి, ట్రే మూసి, చేతులు దులుపుకుని అప్పుడు అంది: "బస్." అని గొడుగు తీసుకుని మమ్మల్ని గేటు బయట బస్సు ఎక్కించింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"ఏటి సేసినారు?"

"స్టూలుకి కట్టు కట్టినారు."

"ఏటీ?"

"స్టూలుకి. ఓ కాలికి."

"ఓలమ్మా! బతుకుతాదంటావా ఆ స్టూలు?"

"నవ్వుతావేటి? పిల్లగుంట కాలు కుళ్ళిపోతంటే నీకు నవ్వులాటగా ఉన్నాదా?"

"నవ్వకేటి సెయ్యమంటావే! ముందు ఆ సిస్టరమ్మని పంపాల రాంచీ."

నాకూ అదే అనిపించింది. ఆ రాత్రి పిల్ల ఒళ్ళు కాలిపోయింది. వేళ్ళు పోయాయనే అనుకున్నాను.

తెల్లారి మళ్ళీ అదే తలుపు, అదే గది. స్టూలు కట్టు విప్పింది, కడిగింది, "ఔర్ హై, ఔర్ హై" అంది, కట్టింది. ఈసారి బస్ అనలేదు. "ఔర్ హై. ఇప్పుడు పైరీ పైర్" అంది. పైడి కాలు నా ఒళ్ళో ఉంది. నేనొక్కదాన్నే పట్టుకున్నాను. ఆవిడ ప్రతిదీ ముందు చెప్పింది. నీళ్ళు, చల్లగా. దూది. ఇప్పుడు నొప్పి. ఔర్ హై. పిల్ల ఒళ్ళంతా అల్లాడుతోంది, కూనిరాగం తీస్తోంది. అరిచే పిల్లకి ఇంకా ఉంది ఇంకా ఉంది అని ఎవరైనా చెప్తారా? రాతి గుండె అనుకున్నాను. కానీ మధ్యలో ఎప్పుడో పైడి "ఔరై, ఔరై" అని తనూ అనడం మొదలుపెట్టింది. రాగం వదిలి మాట పట్టుకుంది. బస్ వస్తుందని దానికి తెలుసు. రాకముందే వచ్చిందని ఎవరూ అనరని కూడా తెలిసిపోయింది. పళ్ళు బిగించి దాని కోసం కూర్చుంది.

అలా రోజూ నడిచింది. కాలికి ఎర్రటి కొత్త మాంసం వస్తోంది. అప్పుడొచ్చింది అసలు పరీక్ష. పైడికి కాదు, ఆవిడకి.

ఆ రోజు కడగడం అయిపోయింది. ఆవిడ ట్రే మూసింది, "బస్" అంది. పైడి చెప్పుల కోసం చూస్తోంది. అప్పుడు కనిపించింది ఆవిడకి, చిటికెన వేలి సందున పాత గుడ్డపీలిక ఒకటి, చీముకి అంటుకుని. డాక్టరు అక్కడే ఉన్నాడు.

"లాగెయ్యండి సిస్టర్. నిమిషం పని."

"బస్ అన్నాను."

"అయితే?"

"అయితే బస్సే."

"గుడ్డ లోపల పెట్టి పంపిస్తారా?"

"పంపించను. నేనూ పోతాను."

కాలికి శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టింది. బూట్లు వేసుకోవడం కూడా మర్చిపోయి మా వెంట నడిచింది. తెల్ల చీర, నెత్తిన టోపీ, ఉత్తకాళ్ళు. బస్సులో జనమంతా ఆవిడ పాదాలే చూస్తున్నారు. కండక్టరు బస్సు రేకు మీద దబదబా బాదుతూ "సాక్చీ సాక్చీ" అని అరుస్తుంటే, "బస్సుని ఎందుకు కొడుతున్నావు? నీకేం చేసింది?" అని కసిరింది. వాడు చెయ్యి దించేశాడు.

"ఎక్కడికి సిస్టర్?" అన్నాడు టికెట్లు తీసి.

"ఎక్కడికీ కాదు. వచ్చే స్టాపుకి."

పైడి కడ్డీకి చెంప ఆనించింది. ఆవిడ పక్కన కూర్చుంది, తాకకుండా, ఎదరకి చూస్తూ. బస్సు కదిలాక మెల్లిగా చెప్పింది. "పైరీ. నేను తప్పు బస్ చెప్పాను. కాలికి ఇంకా ఉంది. ఔర్ హై."

దానికి బస్సు తప్ప ఏమీ లేదు. ఆ బస్సులోనే ఆ మాట చెప్తుందా? ఇప్పుడు గోల చేస్తుంది, ఇక జన్మలో ఆ గది గుమ్మం తొక్కదు, ఇన్నాళ్ళ కష్టం పోయింది, కాలు పోయింది అనుకున్నాను. పైడి ఊగడం మొదలుపెట్టింది. చాలాసేపు ఊగింది. ఆవిడ తియ్యటి మాట చెప్పి ఒప్పిద్దామని చూడలేదు.

"ఔరై" అంది పైడి, కిటికీలోకి.

వచ్చే స్టాపులో దిగాం. ఎదురు బస్సు ఎక్కి వెనక్కి వచ్చాం. డాక్టరు ఎక్కడికీ పోకుండా గదిలోనే ఉన్నాడు.

"ప్రయాణం బాగా జరిగిందా సిస్టర్?"

"సీటు దొరికింది" అంది ఆవిడ, చేతులు కడుక్కుంటూ.

పైడి వెళ్ళి కట్టు కట్టిన స్టూలు పక్కన కూర్చుంది. తన కాలు తనే చాపింది. ఎవరూ పట్టుకోలేదు. నేను కూడా.

పీలిక వచ్చేసింది. ఈసారి ఆవిడ వేళ్ళన్నీ విడదీసి చూసింది, మళ్ళీ చూసింది, అప్పుడు అంది బస్. అని కిటికీ దగ్గరికి వెళ్ళి మురీ పొట్లం విప్పింది. అది మురీ తినే వేళ కాదు.

వేళ్ళు నిలిచాయి. చిటికెన వేలు కాస్త వంకరగా అతుక్కుంది, అంతే. అందుకే ఆవిడని దేవత అంటానని అనుకోకండి. నా మీదా తక్కువ అరవలేదు. "పిల్లకి ఇప్పుడే వస్తానని చెప్పి ఎందుకు పోతావు? కుళాయి దగ్గర మాటలు పెట్టుకుంటానని చెప్పు, దానికి అర్థమవుతుంది" అని తిట్టింది. చెప్పి చూశాను. అర్థమయింది. మా పైడి గుమ్మంలో ఊగడం మానేసింది. నేను తిరిగొచ్చేసరికి వీధంతా వినేలా "మా అమ్మ మాటలు పెట్టుకుంది" అని చెప్తూ ఉండేది.

ఆ తర్వాత ఆవిడ ఆ గది లోపలా బయటా చాలా మార్చింది. వెనక తలుపు దగ్గర నీడలో ఒక బెంచీ వేయించింది. హాల్లో అరుపులు పడనివాళ్ళెవరైనా అక్కడ కూర్చోవచ్చు. పేర్లు పిలిచేవాడు అక్కడికి మాత్రం నడిచి వచ్చి, ఎదట నిలబడి, చెయ్యి ఎత్తాలి. వాడు మొదట గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు, గొంతు బాగుపడిందని చెప్పుకునేవాడు. ఆ బెంచీ మీద చూశాకే మా పైడిలాంటి పిల్లలు ఇంకా ఉంటారని నాకు తెలిసింది. ఆదిత్యపూర్ నుంచి ఒకాయన ఎదిగిన తమ్ముణ్ణి తెచ్చేవాడు. ఆ అబ్బాయి తలకి తువ్వాలు చుట్టుకుని గాని కూర్చోలేడు. లోపలికి రాగానే తువ్వాలు తియ్యమనేవారట అన్నిచోట్లా. ఈవిడ "ఉండనీ, గాయం చేతికి కదా, తలకి కాదు" అంది.

స్టూలు కట్టు ఎప్పటికీ విప్పనివ్వలేదు. మాసిపోతే మార్చేది. ఒక పెద్దమనిషి అడిగాడు నా ముందే. "సిస్టర్, ఈ స్టూలుకేమైంది?"

"పడిపోయింది" అంది ఆవిడ. "కానీ మూలగలేదు. మీరూ చూసి నేర్చుకోండి."

మా ఆయన పోయినప్పుడు అదే ఆసుపత్రిలో పోయాడు. వార్డులో అందరూ తగ్గిపోతుంది తగ్గిపోతుంది అంటున్నారు. ఆవిడ తన పని ముగించుకుని వచ్చింది, ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది, నన్ను వరండాలోకి పిలిచింది. "పైరీ కీ మా, ఇది తగ్గదు. కూతుర్ని తీసుకురా, చూడనీ" అంది. ఆ మాట చెప్పిన మనిషి ఆ భవనంలో ఆవిడొక్కతే. పైడి వచ్చింది, నాన్న మంచం పట్టీకి చెంప ఆనించి కూర్చుంది. ఆయన దాని జుట్టు మీద చెయ్యి వేశాడు. అది ఎగరలేదు. ఆ పూట నాకు దక్కిందంటే ఆవిడ అబద్ధం చెప్పకపోవడం వల్ల దక్కింది.

ఇప్పుడు మొన్నటి సంగతి.

పెద్ద నర్సు నా చేతికి కట్టు కడుతూ ఆవిడ కబురంతా చెప్పింది. కడుపులో పుండట. నెలల తరబడి మంచం మీదే ఉందట, మందులు పని చెయ్యలేదట. "చాలా బాధపడింది చాచీ. చాలా" అంది.

పైడి ఇప్పుడు ఎదిగిన మనిషి. అప్పటిదాకా గోడవైపే తిరిగి ఉంది. మేం మాట్లాడుకునేది వింటోందని కూడా అనుకోలేదు. అది ఎవర్నీ ఏదీ అడగదు, పుట్టి బుద్ధెరిగాక నన్నే ఏదీ అడగలేదు. గోడ వంక చూస్తూనే అడిగింది.

"బడీ సిస్టర్... బస్?"

నర్సుకి అర్థం కాలేదు. నా వంక చూసింది.

"నొప్పి అంతా అయిపోయిందా అని అడుగుతోంది" అన్నాను. "నిజంగా అయిపోతేనే చెప్పు."

ఆ నర్సు అవునని వెంటనే అనేయొచ్చు. అనలేదు. నా కట్టు ముడి వేసింది. ట్రే మీద మూత పెట్టింది. చేతిలో ఉన్న దూది కింద పెట్టి పైడి వైపు తిరిగింది.

"హాఁ బేటీ" అంది. "బస్."

పైడి లేచింది. చెప్పులు తొడుక్కుంది. ఆ స్టూలు కాలికి ఇంకా కట్టు ఉంది, దాన్ని ఒకసారి ముట్టుకుని, వెనక తలుపులోంచి గేటు వైపు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

బస్సు కదలడానికి ఇంకా టైముంది. అది కడ్డీకి చెంప ఆనించి కూర్చుంది. కింద మురీ అమ్మేవాణ్ణి కేకేసి కిటికీలోంచి ఒక పొట్లం తీసుకున్నాను. పచ్చిమిరపకాయ అడిగాను.

"చాలా కారం చాచీ, ఇవి" అన్నాడు వాడు.

"కారంగా ఉన్నదే వెయ్యి" అన్నాను.